రక్తపరీక్షలో పీపీఆర్ (పారుడు రోగం) పాజిటివ్ వచ్చిన పొట్టేళ్లను ఎగుమతికి అమ్మవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా, ప్రత్తిపాడు మండలం. మాచర్ల, నెల్లూరు రకం జీవాలు 140 దాకా మేపుతున్నాను. గల్ఫ్ దేశాలకు పొట్టేళ్లు పంపే వ్యాపారి మనుషులు వచ్చి 60 పొట్టేళ్లకు బేరం కుదుర్చుకుని రక్తం తీసుకెళ్లారు. వారం తర్వాత ఫోన్ చేసి, 40కి పైగా పొట్టేళ్లకు పీపీఆర్ పాజిటివ్, రెండింటికి బ్రుసెల్లా (గర్భం పోయేలా చేసే అంటురోగం) పాజిటివ్ వచ్చిందని చెప్పి బేరం వదిలేశారు. నా పొట్టేళ్లు నిక్షేపంగా ఉన్నాయి, ఒక్కదానికీ దగ్గు కూడా లేదు. పోయిన ఏడాది వేయించిన టీకా వల్లే ఇలా వచ్చిందని మా ఊళ్లో అంటున్నారు. ఇక టీకాలు మానేయమంటారా? పోయిన నెల తెలంగాణ సంతలో కొన్న 25 పిల్లలు కూడా మందలోనే ఉన్నాయి. డబ్బులిస్తే ఆరోగ్య పత్రం తానే తెప్పిస్తానని ఇంకో దళారీ వెంటపడుతున్నాడు. ఏం చేయాలి?

జవాబు: టీకా మానకండి. ఆ దళారీ తెచ్చే పత్రం జోలికి పోకండి. ఈ రెండూ ముందే చెప్పేస్తున్నాను, ఎందుకో తర్వాత వివరిస్తాను.

మీ పొట్టేళ్లకు చేసింది యాంటీబాడీ పరీక్ష. ఒంట్లో రోగం ఉందా లేదా అని అది చూడదు. రోగాన్ని ఎదుర్కొనే శక్తి రక్తంలో తయారైందా అని చూస్తుంది. పీపీఆర్ టీకా అంటే బలహీనపరిచిన బతికున్న వైరస్. అది ఒంట్లోకి వెళ్లాక పుట్టే యాంటీబాడీలు, నిజంగా పారుడు రోగం వచ్చి తగ్గిన జీవంలో పుట్టే యాంటీబాడీలు ఒకేలా ఉంటాయి. గాలికుంటు టీకాతో ఈ చిక్కు లేదు. శుద్ధి చేసిన టీకా కాబట్టి, యాంటీబాడీలు టీకా వల్ల వచ్చాయా, రోగం వల్ల వచ్చాయా అని వేరుచేసే పరీక్ష దానికి ఉంది. పీపీఆర్‌కు మనం వాడుతున్న టీకాతో అలా తేల్చడం కుదరదు. కాబట్టి పోయిన ఏడాది టీకా వేయించిన మందలో 60కి 40 పాజిటివ్ వచ్చిందంటే నాకు ఆశ్చర్యం లేదు, టీకా బాగానే పట్టిందని అనుకుంటాను. మిగతా వాటికి ఎందుకు రాలేదన్నదే ఆలోచించాల్సిన సంగతి. ఆ రోజు మేతకు వెళ్లిపోయి టీకా తప్పించుకున్నవి కావచ్చు. ఎండలో ఐసు కరిగిపోయిన డబ్బాలోంచి తీసిన మందు కావచ్చు. పొడి మందును ద్రావణంలో కలిపాక మంచు మీదే ఉంచి, కొద్ది గంటల్లోనే వాడేయాలి. మధ్యాహ్నం మిగిలింది సాయంత్రం వేయడమంటే ఉత్త నీళ్లు పొడవడమే.

మరి వ్యాపారి ఎందుకు వెనక్కి తగ్గాడు? మీ దగ్గర రుజువు లేదు కాబట్టి. మీరు ఉత్తరంలో రాసిన వివరాల్లో టీకా వేసిన తేదీ లేదు, సీసా మీది బ్యాచ్ నంబరు లేదు, ఏ జీవానికి వేశారో చెప్పే చెవిపోగు నంబరు లేదు. బహుశా ఎక్కడా రాసిపెట్టి ఉండరు. మీ ఒక్కరిదే కాదు, మన దగ్గర చాలామంది గొర్రెల కాపరుల పరిస్థితి ఇదే. గొర్రె ఆరోగ్యంగా ఉన్నా, ఆ సంగతి వేల మైళ్ల అవతల కొనేవాడికి తెలిసే దారి కాగితం ఒక్కటే.

ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ నియమావళి ప్రకారం, పీపీఆర్ ఉన్న దేశం నుంచి జీవాలను కొనడానికి రెండు దారులున్నాయి. ఒకటి, టీకా వేయని జీవాలు అయితే ఎగుమతికి ముందు 21 రోజుల్లోపు చేసిన పరీక్షలో నెగటివ్ రావాలి. రెండోది, ఎగుమతికి కనీసం 21 రోజుల ముందు టీకా వేసి ఉండాలి. ఎటు వెళ్లినా 21 రోజులు క్వారంటైన్‌లో ఉంచి, జబ్బు లక్షణం ఏదీ లేదని తేల్చుకోవాలి. మీ పొట్టేళ్లు మొదటి దారిలో వెళ్లలేవు, రెండో దారిలో వెళ్లగలవు. కానీ రెండో దారి తలుపు తెరుచుకునేది టీకా రికార్డుతోనే. పైగా కొనే దేశం తన షరతులు తాను పెట్టుకుంటుంది. అందుకే ఈసారి బేరానికి ముందే, ఆ దేశం అడిగే ఆరోగ్య షరతుల కాగితం వ్యాపారి దగ్గర తీసుకుని మీ పశువైద్యుడికి చూపించండి. రక్తం తీశాక షరతులు తెలుసుకుంటే ఇలాగే అవుతుంది.

ఇక పుస్తకం సంగతి. పెద్ద రిజిస్టరు ఏమీ అక్కర్లేదు, పిల్లలు వాడే రెండొందల పేజీల నోటుబుక్కు చాలు. చెవిపోగు మీద ఉండే 12 అంకెల నంబరు, ఆడో మగో, మందలో పుట్టిందో ఎక్కడ కొన్నారో, ఏ తేదీన ఏ టీకా, బ్యాచ్ నంబరు, వేసినవారి సంతకం. చచ్చినా, ఈసుకుపోయినా (గర్భం పోయినా), అమ్మినా అదే వరుసలో రాయండి. రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడితో అదే వివరాలు భారత్ పశుధన్ యాప్‌లో ఎక్కించండి. యాప్‌లో ఎక్కింది కదా అని నోటుబుక్కు ఆపొద్దు. రెండింటిలో తేదీలు కలిస్తేనే అధికారి నమ్మకంగా సంతకం పెట్టగలడు.

ఇక్కడ మా శాఖల వైపు లోపమూ చెప్పాలి. పల్నాడు, ప్రకాశం వైపు మందలు వరి కోతలు అయ్యాక కృష్ణా డెల్టాలోకి దిగుతాయి, పొలాల్లో మంద కడతాయి. ఊళ్లో టీకా శిబిరం పెట్టే రోజుకు ఆ మందలు ఊళ్లో ఉండవు. ఊళ్లో జీవాల లెక్క ప్రకారం మందు వస్తుంది, సగం మంద తెనాలి దగ్గరో బాపట్ల దగ్గరో ఉంటుంది. టీకా మంద దారిలోకి వెళ్లాలి గానీ, మంద టీకా కోసం వెనక్కి రాదు. వలస మందల బాటల్లో టీకా వేసి, వేసిన చోటే నమోదు చేయడం మొదలుపెట్టకుండా ఎగుమతుల గురించి ఎన్ని సమావేశాలు పెట్టుకున్నా లాభం లేదని నా గట్టి అభిప్రాయం. 2030 నాటికి పీపీఆర్‌ను ప్రపంచం నుంచే తుడిచిపెట్టాలని పెట్టుకున్న లక్ష్యం కూడా ఈ వలస మందల దగ్గరే నిలబడుతుంది, లేదా జారిపోతుంది.

సంతలో కొన్న 25 పిల్లల గురించి. నెల దాటింది, రోగం రాలేదు కాబట్టి ఈసారి గండం గడిచినట్టే. కానీ మళ్లీ అలా చేయకండి. కొత్తగా తెచ్చిన ఏ జీవాన్నైనా కనీసం మూడు వారాలు వేరే దొడ్డిలో, వేరే నీళ్ల తొట్టితో ఉంచాలి. ముందు పాత మందకు మేత వేసి, ఆ తర్వాతే కొత్తవాటి దగ్గరికి వెళ్లాలి. సంతలో కొనేటప్పుడు బరువు, పళ్లు చూస్తారు, బేరమాడతారు. ఇంకో నిమిషం పెట్టి కింది పెదవి కిందికి లాగి చూడండి. చిగుళ్ల మీద తవుడు చల్లినట్టు తెల్లటి పొర, పుండ్లు ఉంటే ఆ జీవాన్ని వదిలేయండి. కళ్ల మూలల్లో పుసి గట్టిపడి ఉన్నా, ముక్కు నుంచి చీమిడి కారుతున్నా, తోక వెనక పారుడు అంటుకుని ఉన్నా, ఒళ్లు కాలిపోతున్నా అంతే. ఆ ఒక్కటే కాదు, దాని పక్కన కట్టేసిన వాటినీ కొనొద్దు. ఆ 25 పిల్లలకు నాలుగు నెలలు నిండితే వెంటనే పీపీఆర్ టీకా వేయించి, పుస్తకంలో విడిగా రాయండి. నట్టల మందు, చిటుక రోగం టీకా మీకు తెలిసినవే, వేళకు చూసుకోండి.

బ్రుసెల్లా పాజిటివ్ వచ్చిన ఆ రెండు పొట్టేళ్ల సంగతి పూర్తిగా వేరు. దయచేసి దీన్ని పీపీఆర్‌తో కలిపి తీసిపారేయకండి. పెయ్య దూడలకు, పడ్డలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో బ్రుసెల్లా టీకా వేస్తున్నాం గానీ, గొర్రెలకు మన దగ్గర ఆ టీకా కార్యక్రమం లేదు. కాబట్టి టీకా వల్ల వచ్చిందని చెప్పుకునే వీల్లేదు, అది రోగం జాడే అయి ఉండవచ్చు. ఆ రెండింటినీ ఈరోజే మందలోంచి విడదీయండి. పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలలో మళ్లీ రక్తం ఇచ్చి, ఎలైజా అనే పరీక్షతో ఖాయం చేసుకోండి. పశువైద్యుడితో వాటి వృషణాలు చూపించండి, వాపు గానీ గట్టితనం గానీ ఉందేమో. ఆడ గొర్రెల్లో నెలలు నిండకుండా ఈసుకుపోయినవి ఉంటే వాటికీ పరీక్ష చేయించాలి.

గొర్రెల్లో వచ్చే బ్రుసెల్లా మనిషికి బాగా అంటుకుంటుంది. ఈసిన పిండాన్ని, మాయను ఒట్టి చేతులతో తీయొద్దు. తొడుగులు వేసుకుని, సున్నం చల్లి లోతుగా పూడ్చండి. మీ ఇంట్లో ఎవరికైనా వచ్చిపోయే జ్వరం, రాత్రిళ్లు చెమటలు, కీళ్లనొప్పులు వారాల తరబడి ఉంటే, మేం గొర్రెలు మేపుతామని డాక్టరుకు తప్పక చెప్పండి. ఆ ఒక్క ముక్క చెప్పకపోవడం వల్ల ఏళ్ల తరబడి మామూలు జ్వరం మందులు మింగేవాళ్లు ఉంటారు. ఆ పొట్టేళ్లను మాత్రం సంతకు తోలి వదిలించుకోవద్దు. మీ దగ్గర తీరిన బాధ ఇంకో కాపరి మందలో మొదలవుతుంది.

ఇప్పుడు ఆ దళారీ పత్రం. జీవాలను రైలులో గానీ లారీలో గానీ తరలించాలంటే, అవి ప్రయాణానికి తగినట్టున్నాయని, అంటురోగాలు లేవని పశువైద్యుడు చూసి ఇచ్చిన పత్రం ఉండాలని 1978 నాటి పశు రవాణా నిబంధనలు చెబుతున్నాయి. ఐదు టన్నుల లారీలో 40 గొర్రెలకు మించి ఎక్కించకూడదు. 2009 నాటి పశు అంటువ్యాధుల నివారణ చట్టం ప్రకారం, జాబితాలో ఉన్న రోగం కనపడితే యజమానే కబురు చెప్పాలి. జీవాన్ని చూడకుండా రాసిన పత్రం వల్ల చెక్‌పోస్టు దాటవచ్చేమో గానీ, రేవులో దాటదు. ఎగుమతికి చివరి పత్రం ఇచ్చేది కేంద్ర ప్రభుత్వ పశు క్వారంటైన్, ధ్రువీకరణ కేంద్రం. మనకు దగ్గరలో అవి హైదరాబాదులోనూ చెన్నైలోనూ ఉన్నాయి. అక్కడ జీవం ఒకటి చెప్పి కాగితం ఇంకోటి చెబితే, పోయేది మీ 60 పొట్టేళ్ల బేరం ఒక్కటే కాదు.

దీనికి సోమాలియా అనుభవమే సాక్ష్యం. ఆ దేశంలో లక్షల కుటుంబాలకు గొర్రెలూ మేకలే ఆధారం, కొనేది ఎక్కువగా సౌదీ అరేబియా. 2000లో సౌదీలో, యెమెన్‌లో జీవాల నుంచి మనుషులకు అంటుకునే రిఫ్ట్ వ్యాలీ జ్వరం వచ్చి మనుషులు చనిపోయారు. సోమాలియా ఉన్న ఆఫ్రికా కొమ్ము (తూర్పు కొస) దేశాల నుంచి జీవాలు రావడానికి వీల్లేదని సౌదీ నిషేధం పెట్టింది. అది సడలింది 2009లో. అదీ బెర్బెరా రేవులో క్వారంటైన్ కేంద్రం కట్టి, జీవాలను అక్కడ ఆపి, పరీక్షించి పంపే ఏర్పాటు వచ్చాకే. ఆరోగ్యంగా ఉన్న తన మందను కూడా అమ్ముకోలేక తొమ్మిదేళ్లు గడిపిన కాపరిని తలచుకోండి. అతను చేసిన తప్పేమీ లేదు. అతని మంద బాగుందని చెప్పగల వ్యవస్థ అతని వెనక లేదు.

మన దేశానికీ ఇందులో పాత కథ ఉంది. 1920లో ఇక్కడి నుంచి బ్రెజిల్‌కు ఓడలో వెళ్తున్న పశువులు దారిలో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో దిగాయి. వాటి వల్ల అక్కడి పశువులకు రిండర్‌పెస్ట్, మన పెద్దవాళ్లు ముసర అనే రోగం, అంటుకుంది. ఆ దెబ్బతోనే 1924లో 28 దేశాలు పారిస్‌లో కూడి, ఇప్పుడు ప్రపంచ పశు ఆరోగ్య సంస్థగా ఉన్న సంస్థను పెట్టుకున్నాయి. ఎక్కడ రోగం వచ్చినా దాచకుండా మిగతావారికి చెప్పాలన్నది దాని మొదటి నియమం. అలా చెప్పుకుంటూ, ఊరూరా టీకాలు వేసుకుంటూ పోయాకే ముసర భూమ్మీద లేకుండా పోయిందని 2011లో ప్రకటించగలిగారు. ఒంగోలు జాతిని కాపాడుకుంటున్న లాం ఫారం ఉన్న జిల్లాలో ఉన్నాం, ఈ చరిత్ర మనకు తెలిసి ఉండాలి.

రోగం దాచడం వల్ల నష్టం ఇప్పుడు మనకు ఇంకా ఎక్కువ. టీకాతో గాలికుంటు లేని ప్రాంతాలను తయారు చేయాలని కేంద్రం ఎంచుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు ఉన్నాయి. దేశం మొత్తం కాకపోయినా ఒక ప్రాంతాన్ని రోగం లేనిదిగా గుర్తించే పద్ధతి అంతర్జాతీయంగా ఉంది. అలా గుర్తింపు వస్తే మన జీవాలకు, మాంసానికి, పాల ఉత్పత్తులకు కొత్త సంతలు తెరుచుకుంటాయి. గొర్రెల్లో గాలికుంటు పెద్దగా బయటపడదు. కాస్త కుంటుతుంది, రెండు రోజులు మేత తగ్గిస్తుంది, అంతే. ముల్లు గుచ్చుకుందనుకుని వదిలేస్తాం. కానీ ఆ గొర్రె నుంచే పక్కింటి గేదెలకు అంటుకుంటుంది. ఒకేసారి నాలుగైదు జీవాలు కుంటుతుంటే ముల్లు అనుకోవద్దు. పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేయండి, నోరు, గిట్టల సందులు చూపించండి. కబురు చెప్పినందుకు మీ మందకు చెడ్డపేరు రాదు. చెప్పిన తేదీ, పరీక్ష ఫలితం కూడా పుస్తకంలో ఎక్కించండి. అలాంటి పుస్తకాన్నే క్వారంటైన్ అధికారి ఎక్కువ నమ్ముతాడు.

వచ్చే బక్రీదుకు పంపాలని మీ ఆలోచన అయితే ఇప్పటి నుంచే వెనక్కి లెక్క వేసుకోండి. చెవిపోగులు వేయించడం, పోయిన ఏడాది టీకాకు రికార్డు దొరకకపోతే పశువైద్యుడితో మాట్లాడి మళ్లీ వేయించడం, ఆ పైన 21 రోజులు ఆగడం, బ్రుసెల్లాకు మందంతా పరీక్ష, తర్వాత క్వారంటైన్. ఇవన్నీ కలిపి మూడు నెలలకు తక్కువ కాదు. పోయిన ఏడాది మీ ఊళ్లో టీకా వేసిన సహాయకుడి దగ్గర ఆ శిబిరం వివరాలు, బ్యాచ్ నంబరు ఇంకా ఉండవచ్చు. ముందు ఆయన్ని కలవండి. అవి దొరికి, ఏ జీవానికి వేశారో కూడా తేలితే మీకు ఒక నెల కలిసొస్తుంది.