ఉపదేశిగారి నోటుపుస్తకం దగ్గర మొదలుపెట్టండి

ప్రశ్న: అంతర్జాతీయ కాథలిక్ మిషన్ అధ్యయనకారుల సంఘం లాంటి సంస్థలో ఆసియా స్థాయిలో, దక్షిణ భారత స్థాయిలో ప్రాంతీయ సహకారం ఎలా ఏర్పాటు చేసుకోవాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నేను గుడి గురువును (ఫాదర్‌ను) కాదు, మఠకన్యనూ (సిస్టర్‌నూ) కాదు. కృష్ణా జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో ఇరవై ఆరేళ్లు చరిత్ర పాఠం చెప్పి రిటైరయ్యాను. తెలుగు పల్లెల్లో పనిచేసిన కాథలిక్ ఉపదేశుల (గురువుకు సాయంగా ఊళ్లో మతబోధ చేసే మామూలు విశ్వాసుల) మీద పరిశోధన చేశాను. ఆ పనిమీద ప్రాంతీయ సమావేశాలు కొన్నిటికి వెళ్లాను, ఒకటి దగ్గరుండి ఏర్పాటు చేశాను. అందుకే రాస్తున్నాను. కమిటీ ఎలా వేయాలి, కోఆర్డినేటర్ ఎవరు అన్నవి నా దృష్టిలో ఆఖరున అడగాల్సినవి. ముందు ఇది అడగండి: మీ ప్రాంతంలో ఒక్కరివల్ల కాక, నలుగురు కూర్చుంటే తప్ప చదవలేని కాగితం ఏది?

ఈ సంఘం 2000లో రోములో, ఉర్బానియానా విశ్వవిద్యాలయంలో పుట్టింది. బొలీవియాలో పనిచేసిన, మేరీనోల్ అనే మిషనరీ సభకు చెందిన గురువు జాన్ గోర్‌స్కి ఒకప్పుడు దానికి అధ్యక్షుడిగా పనిచేశారు. మహాసభలు 2004లో బొలీవియాలోని కోచబాంబాలో, 2007లో పోలండ్‌లో, 2010లో ఫిలిప్పీన్స్‌లోని తగాయ్‌తాయ్‌లో, 2013లో నైరోబీలో జరిగాయి. ఒక్క రోములోనే కూర్చోకుండా ఖండం తర్వాత ఖండం తిరగడం నాకు చాలా నచ్చిన విషయం. కానీ చూడండి, ఒక మహాసభకూ ఇంకో మహాసభకూ మధ్య మూడేళ్లు, అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఆ మూడేళ్లూ ఈ సంఘం బతికి ఉండాలంటే ప్రాంతాల్లోనే బతకాలి. విజయవాడ నుంచి కోచబాంబా వెళ్లాలంటే ఎన్ని విమానాలు మారాలో, వీసాకి ఎన్ని కాగితాలు పెట్టాలో లెక్క వేసుకోండి. ఏ సభ అండా లేని నాలాంటి గృహస్థురాలికి (గురువూ మఠకన్యా కాని మామూలు విశ్వాసికి) అది అయ్యే పని కాదు.

ఇక ‘ఆసియా ప్రాంతం’ అన్న మాట. ఆసియా మేత్రాణుల (బిషప్పుల) సమాఖ్య 1974లో తైపేలో సమావేశమై పేదలతో, సంస్కృతులతో, మతాలతో సంభాషణ అనే మూడు దారులు చూపించింది. దారి గొప్పదే, నేనూ దాన్నే నమ్ముతాను. అయినా ఊరంతా కాథలిక్కులే ఉన్న ఫిలిప్పీన్స్ పండితుడికీ, వందిళ్ల పల్లెలో పదిళ్లు గుడికి వెళ్లే చోట పనిచేసే మనకీ రోజువారీ ప్రశ్నలు వేరు. ఒక్క భారతదేశంలోనే లాటిన్, సిరో-మలబార్, సిరో-మలంకర అని మూడు సంప్రదాయాల శ్రీసభలు (చర్చిలు) ఉన్నాయి. మ్యాపు మీద గీత గీసి ‘మీరంతా ఒక ప్రాంతం, సహకరించుకోండి’ అంటే ఎవరు ఎవరితో ఏం మాట్లాడతారు? అలాంటి వాట్సాప్ గ్రూపులు నాలుగింటిలో ఉన్నాను. క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ పువ్వుల బొమ్మలు వస్తాయి. మిగతా ఏడాదంతా చప్పుడుండదు.

మన తెలుగు సంగతే తీసుకోండి. ఫ్రాన్స్‌లోని ఆనెసీ నుంచి సలేసు ఫ్రాన్సిస్ వారి సభ 1846లో విశాఖపట్నం చేరింది. ఇటలీలోని మిలాను మిషన్ సంస్థ గురువులు 1855లో హైదరాబాదు మిషన్‌కి వచ్చారు, తర్వాత కృష్ణా ప్రాంతానికీ వాళ్లే. గుణదల మాత క్షేత్రం 1924లో మొదలుపెట్టిన ఆర్లాటి గారు ఆ సంస్థ వారే. నెల్లూరు, గుంటూరు వైపు ఇంగ్లండుకు చెందిన మిల్ హిల్ సభ గురువులు. అంటే మన తాతముత్తాతల గురించి రాసిన ఉత్తరాలు కొన్ని ఫ్రెంచిలో, కొన్ని ఇటాలియన్‌లో, కొన్ని ఇంగ్లీషులో ఉన్నాయి. విచారణల్లో (ఒక్కో గురువు కింద ఉండే స్థానిక చర్చిల్లో) జ్ఞానస్నానపు రిజిస్టర్లు లాటిన్‌లో. ఇవన్నీ చదవగలిగిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ఇటలీలో పాత దస్తావేజుల గది చూసే సిస్టర్‌కి తెలుగు రాదు, నాకు ఇటాలియన్ రాదు. ఆమె లేకపోతే నా పని సగం, నేను లేకపోతే ఆమె పని సగం. సహకారం అంటే నాకు ఇదే. మిగిలినవన్నీ మర్యాదలు.

ఇప్పుడు ఆ సమావేశం సంగతి చెప్పాలి. ఇది నేను పైన చెప్పిన సంఘం పెట్టింది కాదు, కొందరం కలిసి పెట్టుకున్న చిన్న ప్రాంతీయ సమావేశం. గుణదల తిరునాళ్లు అయిన మరుసటి వారం, విజయవాడకి కాస్త దూరంలో ఒక ధ్యానకేంద్రంలో. ముప్పై మంది. తమిళనాడు, కేరళ, పుణె నుంచి వచ్చారు. ఫిలిప్పీన్స్ నుంచి ఒక సిస్టర్‌గారు, తూర్పు మయన్మార్ నుంచి ఒక ఫాదర్‌గారు వచ్చారు. కార్యక్రమం వేసినవాళ్లు ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు, అంతా ఇంగ్లీషులోనే అని ముందే రాసేశారు. నేను పట్టుబట్టి ఒక పేరు చేర్పించాను: ఉయ్యూరు వైపు ఒక పల్లెలో నలభై ఏళ్లు ఉపదేశిగా చేసి మానేసిన పెద్దాయన. ఆయన తాతగారూ ఉపదేశే. ఆ తాతగారి చేతిరాత నోటుపుస్తకం వాళ్లింట్లో ఉందని నాకు తెలుసు.

ఆయన తెల్లారుజామున మొదటి బస్సెక్కి వచ్చారు. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల పంచె, చేతిలో గుడ్డసంచి. సంచిలో తువ్వాలు, దాని మడతల్లో ఆ పుస్తకం. టీ ఇస్తే తాగలేదు, మాట్లాడాక తాగుతానన్నారు. పదకొండింటికి పిలిచారు. ఆయన తెలుగులో మొదలుపెట్టారు. అనువాదకుణ్ణి పెట్టమని నేను నెల ముందే అడిగాను, బడ్జెట్ లేదన్నారు. బ్యానరుకీ, శాలువాలకీ, జ్ఞాపికలకీ డబ్బులు కుదిరాయి, అనువాదానికి కుదరలేదు! ఇన్నేళ్లయినా ఆ బాధ నాకు తగ్గలేదు. నేను లేచి పక్కన నిలబడి వచ్చినంత వరకు ఇంగ్లీషులో చెబుతూ పోయాను.

ఆయన మొదటి పేజీ చదివారు. “రాయప్ప. మునుపటి పేరు పోలిగాడు. ఫలానావారి పాలేరు. పరలోక జపం వచ్చును, విశ్వాస ప్రమాణం సగం వచ్చును. స్వాములవారు పొలం కోతల తర్వాత రమ్మన్నారు.” ఇంకో నాలుగు పేర్లు చదివారో లేదో, అధ్యక్షస్థానంలో ఉన్నవారు ‘రెండు నిమిషాలు’ అని చీటీ పంపారు. ఆయనకి ఇంగ్లీషు రాదు, చీటీ నాకిచ్చారు. నేను చెప్పేలోపే నా ముఖం చూసి అర్థం చేసుకున్నారు. “సరేనమ్మా” అని పుస్తకం మూసి, తువ్వాల్లో చుట్టుకుని వెళ్లి వెనక వరసలో కూర్చున్నారు. తర్వాత మాట్లాడినాయన ‘అట్టడుగు స్వరాలు వినడం’ మీద ముప్పై ఐదు నిమిషాలు చదివారు. ఆయనకి చీటీ వెళ్లలేదు.

భోజనాల దగ్గర ఫిలిప్పీన్స్ సిస్టర్‌గారు కంచం పట్టుకుని నేరుగా ఆ పెద్దాయన పక్కకొచ్చి కూర్చున్నారు. “ఆ పుస్తకం మళ్లీ తెరవమని అడగండి” అన్నారు నాతో. వేపచెట్టు కింద మేం అయిదుగురం చేరాం. పప్పుచారు, గోంగూర పచ్చడి తింటూ ఆయన ఒక్కో పేజీ చదవడం, నేను చెప్పడం. తమిళనాడు నుంచి వచ్చిన ప్రొఫెసర్‌గారు ఒక్కసారి ఆపారు. “రాయప్ప, చిన్నప్ప, శౌరి... ఇవి మా పేర్లు కదా!” నిజమే. పేతురుకి రాయప్ప, పౌలుకి చిన్నప్ప, ఫ్రాన్సిస్ జేవియర్‌కి శౌరి అన్నవి తమిళ దేశం నుంచి మనకొచ్చిన పేర్లు. పద్దెనిమిదో శతాబ్దపు కర్నాటిక్ మిషన్ కాలంలో జెస్యూట్ సభ గురువులు ఆ దారినే తెలుగు నేలకి వచ్చారు. మిలాను వారు రాకముందే ఆ పేర్లు మన ఇళ్లలో ఉన్నాయి. లాటిన్ రిజిస్టరులో మాత్రం ‘పెత్రుస్’ అని ఉంటుంది. రాయప్ప కనబడడు, పోలిగాడు అసలే కనబడడు.

తర్వాత మయన్మార్ ఫాదర్‌గారు ఒక పేజీ మీద వేలు పెట్టారు. అక్కడ ఒక ఇటాలియన్ గురువు పేరు తెలుగు ఉచ్చారణలో రాసి ఉంది. ఎవరని అడిగారు. మిలాను నుంచి వచ్చినవారని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మా అమ్మమ్మ ఊళ్లో గుడి కట్టినవాళ్లూ మిలాను వాళ్లే” అన్నారు. ఆ సంస్థ హైదరాబాదుకి వచ్చిన ఏడాదే బెంగాలుకీ వచ్చింది, 1858లో హాంకాంగ్ చేరింది, 1868లో తూర్పు బర్మాకి వెళ్లింది. ఈ తేదీలన్నీ నాకు పుస్తకాల్లో తెలిసినవే. కానీ ఒక బర్మా మనిషి, ఒక కృష్ణా జిల్లా మనిషి ఒకే వేపచెట్టు కింద కూర్చుని, తమ పల్లెలకొచ్చిన గురువులు ఒకే ఇంటి నుంచి బయలుదేరారని తెలుసుకోవడం నేను చూసింది ఆ రోజే. వాళ్ల ఊళ్లో ఉపదేశులు ఇలా పుస్తకాలు రాసుకునేవారా అని పెద్దాయన అడిగారు. వెతుకుతానన్నారు ఫాదర్‌గారు. మేం మధ్యాహ్నం సెషన్‌కి వెళ్లలేదు. నాలుగింటిదాకా అక్కడే ఉన్నాం.

నా లెక్కలో ఆ రెండు రోజుల్లో ప్రాంతీయ సహకారం జరిగింది ఆ చెట్టు కిందే. లోపల హాల్లో ఒక ‘ప్రాంతీయ సమన్వయ కమిటీ’ వేశారు, ఏడుగురితో. దాని తర్వాతి సమావేశం నాకు తెలిసి ఇప్పటికీ జరగలేదు. వ్యాసాల సంపుటి వచ్చింది, అందులో పెద్దాయన మాట ఒక్కటీ లేదు. ‘రాతపూర్వకంగా పత్రం సమర్పించలేదు’ అన్నారు. నూరేళ్ల నాటి రాతపూర్వక పత్రం ఆయన ఒళ్లోనే ఉంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మిషన్ అధ్యయనం అనే ఈ శాస్త్రం జర్మనీలోని మ్యూన్‌స్టర్‌లో యోసెఫ్ ష్మిడ్లిన్ గారి చేతుల్లో కాథలిక్ చదువుగా నిలబడింది. 1911లో పత్రిక పెట్టారు, నాజీలను ఎదిరించి 1944లో వాళ్ల క్యాంపులోనే చనిపోయారు. ఆయనంటే నాకు ఎంతో గౌరవం. కానీ పునాది అక్కడ పడటం వల్ల ఆధారం అంటే మిషనరీ ఇంటికి రాసిన ఉత్తరం అనే అలవాటు మనకి పట్టుకుంది. రెండో వాటికన్ మహాసభ మిషన్ పత్రం 1965లోనే ఉపదేశుల సైన్యాన్ని పొగిడింది. 2021లో పోప్ ఫ్రాన్సిస్ ఉపదేశి పనిని శ్రీసభలో ఒక అధికారిక పరిచర్యగా నిలబెట్టారు. అయినా మన సమావేశాల్లో ఉపదేశి ఇప్పటికీ కుర్చీలు సర్దుతాడు. సిస్టర్లు రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఉంటారు. నాలాంటి ఆడవాళ్లని ‘మీరు స్వాగతం చెప్పండి మేడమ్’ అంటారు.

అందుకని అడిగినవారికి నా సలహా: మొదటి రూపాయి అనువాదానికి పెట్టండి. అయిదుగురు చాలు, ఏడు దేశాలు అక్కర్లేదు. ఏదో ఒక వస్తువు మధ్యలో పెట్టుకోండి, అది రిజిస్టరు కావచ్చు, పాత జపాల పుస్తకం కావచ్చు, ఒక ఊరి గుడి కథ కావచ్చు. పెద్ద ఊళ్లు వదిలేసి ఆ వస్తువు ఉన్నచోటే కలవండి. ఒక పని రెండేళ్లకు మించి లాగకండి. లాగితే ఆ మనిషి బదిలీ అయిపోతాడు, కొత్తగా వచ్చినవారికి మొదటి నుంచి చెప్పుకోవాలి. గురువులకీ సిస్టర్లకీ బదిలీలు మామూలే కాబట్టి గుంపులో ఊరు కదలని గృహస్థులు ఇద్దరైనా ఉండాలి. విదేశీ సంఘాలకి సభ్యత్వ రుసుము కట్టే సంగతి కూడా ప్రాంతం వాళ్లే చూసుకోవాలి. ఒకసారి ఒక చిన్న రుసుము పంపడానికి నేను బ్యాంకు చుట్టూ మూడు రోజులు తిరిగాను, చార్జీలు రుసుముతో సమానంగా పడ్డాయి. పది మంది డబ్బు కలిపి ఒకేసారి పంపితే ఆ టెన్షన్ ఉండదు.

మా అయిదుగురిలో ఇప్పుడు నలుగురమే ఉన్నాం. పెద్దాయన కరోనా రెండో ఏడాది పోయారు. నోటుపుస్తకం వాళ్ల మనవడి దగ్గరే ఉంది. దాన్ని ఏ సంస్థకీ తీసుకెళ్లొద్దని, ఇంట్లోనే ఉంచి ఫొటోలు తీసుకుందామని అందరం ముందే అనుకున్నాం. మనవడే సెల్‌ఫోన్‌తో నూట పన్నెండు పేజీలు తీశాడు. నేను తెలుగు ఎత్తి రాస్తాను. తమిళ ప్రొఫెసర్‌గారు పేర్లు చూస్తారు. ఇటలీలో ఉన్న ఒక సిస్టర్‌గారు ఆ ఏళ్ల ఉత్తరాల్లో అదే పల్లె ప్రస్తావన కోసం వెతికి పంపుతారు. రెండు చోట్ల దొరికింది. ఒక ఉత్తరంలో ‘ఇక్కడి ఉపదేశి మంచివాడు’ అని ఒక్క ముక్క ఉంది, పేరు లేదు. పేరు మన పుస్తకంలో ఉంది.

మయన్మార్ ఫాదర్‌గారు 2021 ఫిబ్రవరిలో అక్కడ సైన్యం అధికారం లాక్కున్న తర్వాత మా ఆన్‌లైన్ కాల్‌లోకి సరిగా రాలేకపోతున్నారు. సిగ్నల్ దొరికినప్పుడు రెండు ముక్కలు రాస్తారు. పోయిన వర్షాకాలంలో ఒక ఫొటో పంపారు: చెదలు తిన్న అట్ట, లోపల బర్మీస్ లిపిలో వరసగా పేర్లు, ప్రతి పేరు ఎదుట ఇంకో పేరు. ఎక్కడ దొరికిందో ఇంకా చెప్పలేదు. వచ్చే నెల మొదటి శనివారం మా కాల్ ఉంది. ఆయన రాగలిగితే ఆ పేజీ, లేకపోతే మాది నలభై మూడో పేజీ చదువుతాం.