ఇంటింటికీ తిరగబోయే అమ్మడికి

శ్రీకాకుళం,
ఆదివారం రాత్రి

అమ్మడూ,

నీ ఫోన్ వచ్చిన దగ్గర్నుంచీ అదే ఆలోచన. మీ కాలేజీ పిల్లలు పన్నెండు మంది కలిసి, ఈసారి మన ఉద్దానం ఊళ్లలో ఓటున్న ఏ మనిషీ ఇంట్లో ఉండిపోకుండా చూస్తామని చెప్తుంటే నాకు కళ్లు చెమర్చాయి. ఆ సంతోషంలో ఏం చెప్పానో ఏం వదిలేశానో గుర్తు లేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. టీచరుగా ఉన్నన్నాళ్లూ పోలింగ్ డ్యూటీలు చేశాను. తొమ్మిదేళ్లు బి.ఎల్.ఓ.గా, అంటే బూతు ఓటర్ల లిస్టు చూసే ఉద్యోగిగా, లిస్టు పట్టుకుని వీధులు తిరిగాను. నాకు తెలిసిందంతా నీ చేతిలో పెట్టాలని ఉంది.

ర్యాలీ, ప్లకార్డులు, నాటిక అన్నావు. ఒక రోజు పెట్టుకోండి, మీకూ ఉత్సాహంగా ఉంటుంది. కానీ 2024లో మన రాష్ట్రంలో దాదాపు 82 శాతం మంది ఓటేశారు. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి రైళ్లలో నించోడానికి చోటు లేకపోయినా వచ్చారు. కొన్ని బూతుల్లో అర్ధరాత్రి దాటాక కూడా లైన్లు కదులుతూనే ఉన్నాయి. ఇలాంటి జనానికి ఓటు విలువ మీద ఉపన్యాసం అక్కర్లేదు తల్లీ. నూటికి ఆ మిగిలిన పద్దెనిమిది మంది గుమ్మం ఎక్కాలి మీరు. వాళ్లలో బద్ధకస్తులూ ఉంటారు. చాలామందికి మాత్రం ఏదో ఒకటి అడ్డం పడుతుంది. అదేమిటో అడిగి తెలుసుకుని, దాన్ని తొలగించడమే మీ పని.

ఒక సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు, నీకు చెప్తాను. ఒక ఏడాది లిస్టు సవరణప్పుడు ఒక ఇంటికి తాళం వేసి ఉంది. రెండుసార్లు వెళ్లాను, అదే తాళం. పక్కింటావిడ "ఆలు సెన్నై ఎల్లిపోనారు టీచరమ్మా" అంది. నేను 'ఊరు మారారు' అని రాసుకున్నాను. ఎప్పుడు వెళ్లారు, మళ్లీ వస్తారా అని అడగలేదు. ఎండ మాడ్చేస్తోంది, ఇంకా నలభై ఇళ్లున్నాయి. పోలింగు రోజు పొద్దున్నే ఆ మొగుడూ పెళ్లాం, పెద్దకొడుకు రాత్రంతా రైల్లో నించుని పలాసలో దిగి, మొహం కూడా కడుక్కోకుండా బూతుకి వచ్చారు. కట్టుబడి పనికి నాలుగు నెలలు వెళ్లారు, అంతే. లిస్టులో మూడు పేర్లూ లేవు. ఆవిడ నన్ను ఒక్క మాట తిట్టలేదు. "మా ఇల్లు ఇక్కడే ఉంది కదమ్మా" అంది. నాకు జవాబు లేకపోయింది.

అందుకే మొదట లిస్టు పట్టుకోండి. ఎన్నికల కార్డు చేతిలో ఉంటే ఓటున్నట్టేనని మనవాళ్లు అనుకుంటారు. కార్డు ఉన్నా లిస్టులో పేరు లేకపోతే ఓటు లేదు. బూతు వారీగా లిస్టు తీసుకుని, ఒక్కో ఇంట్లో పేర్లు చదివి వినిపించండి. పేరు లేనివాళ్లకి ఫారం 6. ఊరు మారినా, పేరులో తప్పున్నా ఫారం 8. పద్దెనిమిది నిండడానికి ఇప్పుడు ఏడాదికి నాలుగు తేదీలు లెక్క: జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1. ఇవన్నీ ముందే చెయ్యాలి. అప్లికేషన్ పెట్టాక అభ్యంతరాలకి వారం గడువు ఉంటుంది, నామినేషన్ల ఆఖరి రోజు దాటితే ఆ ఎన్నికకి కొత్త పేరు చేరదు. ఓటర్ల హెల్ప్‌లైన్ 1950 నంబరుకి ఫోన్ చేస్తే చెప్తారు గానీ, మీ ఊరి బి.ఎల్.ఓ.ని కలిసి మర్యాదగా మాట్లాడి పెట్టుకోండి. మీరు తప్పులు పట్టడానికి వచ్చారని అనుకోనివ్వకండి. ఆ మనిషికి ఎన్ని పనులుంటాయో నాకు తెలుసు.

కొత్త కోడళ్లని ప్రత్యేకంగా అడుగు. పెళ్లై నాలుగేళ్లయినా వాళ్ల ఓటు పుట్టింటి ఊళ్లోనే ఉంటుంది. పోలింగు రోజు పుట్టింటికి పంపేవాళ్లు ఉండరు, ఇక్కడికి మార్పించేవాళ్లూ ఉండరు. ఈ ఒక్క పని మీద రెండు రోజులు పెట్టినా నేను కాదనను. అత్తగారి ఎదురుగానే అడుగు, చాటుగా వద్దు. అప్పుడే అది ఇంటి పని అవుతుంది.

ఏ ఇంటికి ఎప్పుడు వెళ్లాలో కూడా తెలియాలి. పలాసలో జీడిపప్పు పనికెళ్లే ఆడవాళ్లు పగలు దొరకరు, దీపాలు పెట్టాక వెళ్లు. ఉపాధి పనికెళ్లేవాళ్లయితే చెరువు గట్టు మీదే ఒక్కచోట అందరూ కనిపిస్తారు. వాళ్లు గునపాలు పక్కన పెట్టి నీళ్లు తాగే వేళ చూసి వెళ్లు. పనిలో ఉండగా ఆపకు. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి, మే నెలలో పోలింగు వస్తే ఇక్కడ సముద్రానికి వెళ్లేవాళ్లు ఊళ్లోనే ఉంటారు. గుజరాత్‌లో వీరావల్ వెళ్లినవాళ్ల సంగతి వేరు. వాళ్లెప్పుడు తిరిగొస్తారో ఇంట్లో ఆడవాళ్లని అడిగి రాసుకో. చెన్నై, హైదరాబాదు వెళ్లినవాళ్ల ఫోన్ నంబర్లు కూడా ఇంట్లోవాళ్లనే అడిగి తీసుకుని, టికెట్లు దొరికే రోజుల్లోనే గుర్తు చెయ్యండి. ఆఖరి వారంలో చేస్తే పాపం వాళ్లు మాత్రం ఏం చెయ్యగలరు. పోలింగు రోజు జీతంతో సెలవివ్వాలని చట్టంలోనే ఉంది, ఆ మాట కూడా చెప్పు.

ఇచ్ఛాపురం వైపు వెళ్తే ఒడియా వచ్చిన పిల్లనో పిల్లాడినో వెంటపెట్టుకో. అవ్వలు తమ భాషలో పలకరిస్తే కూర్చోబెట్టి మాట్లాడతారు.

గుమ్మం ముందు నించోగానే వచ్చే మొదటి ప్రశ్న "ఏ పార్టీ వోలమ్మా?" అని. ఏ పార్టీ కాదని నోటితో చెప్తే చాలదు. చీర రంగు, చున్నీ రంగు కూడా చూస్తారు మనవాళ్లు. ఏ పార్టీ రంగూ ఒంటి మీద ఉండకూడదు. ఏ నాయకుడి ఇంట్లోనూ టీ తాగకండి, ఒకవేళ తాగితే రెండోవాళ్ల ఇంట్లోనూ తాగండి. ఎవరికి వేస్తారని మాత్రం ఎప్పుడూ అడగొద్దు. వాళ్లంతట వాళ్లు చెప్పబోయినా "నాకొద్దు పిన్నీ, అది నీ సొంతం" అను. మీ పన్నెండు మందిలో ఎవరికైనా ఒక పార్టీ మీద అభిమానం ఉంటే తప్పు లేదు, కానీ ఈ పనిలో ఉన్నన్నాళ్లూ అది బయటికి రాకూడదు. రాకుండా ఉండలేననేవాళ్లు నిజాయితీగా తప్పుకుని ఆ పార్టీకే పనిచెయ్యడం మంచిది.

రెండో ప్రశ్న "ఏటిస్తారు?" అది విని కోపం తెచ్చుకోకు. డబ్బు పంచే మనుషులని చూసి చూసి అడుగుతున్నారు. మేమేమీ ఇవ్వం, మీ పేరు లిస్టులో ఉందో లేదో చూసి చెప్తామను. అప్పుడు లోపలికి రమ్మంటారు, చూడు. పంచడం కళ్లారా చూస్తే ఎన్నికల సంఘం వాళ్ల సి-విజిల్ యాప్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. మీరు మాత్రం అడ్డం వెళ్లి గొడవ పడొద్దు. ఆడపిల్లలు ఇద్దరికి తక్కువ కాకుండా తిరగండి, చీకటి పడ్డాక పెద్దవాళ్లెవరైనా తోడు ఉండాలి.

ముసలివాళ్లకి ఇంకో భయం ఉంటుంది. బొత్తం నొక్కితే ఎవరికేశామో తెలిసిపోయి పింఛను ఆగిపోతుందేమోనని. ఓపిగ్గా చెప్పు. పక్కనున్న పెట్టెలో నువ్వేసిన గుర్తు చీటీ మీద ఏడు సెకన్లు నీకే కనిపిస్తుంది, తర్వాత లోపల పడిపోతుంది, ఆ చీటీ మీద నీ పేరుండదు అని. ఒకసారి చాలదు, మూడుసార్లు చెప్పాల్సి వస్తుంది.

ఎనభై అయిదేళ్లు దాటినవాళ్లూ, నలభై శాతం పైన వైకల్యం ఉన్నవాళ్లూ ఇంట్లోనే ఓటెయ్యొచ్చు. దానికి ఫారం 12డి, నోటిఫికేషన్ వచ్చిన అయిదు రోజుల్లో ఇచ్చెయ్యాలి. ఆ అయిదు రోజులూ మీరు ఇంకో పని పెట్టుకోకండి. చూపు లేనివాళ్లు బూతులోకి ఒకరిని తోడు తీసుకెళ్లొచ్చు, కానీ ఒక మనిషి ఒక్కరికే తోడు వెళ్లాలి. కాబట్టి అవ్వలందరికీ నువ్వే చెయ్యి పట్టుకుని వెళ్తానని మాటివ్వకు, వాళ్ల ఇళ్లల్లోవాళ్లని సిద్ధం చెయ్యి.

మన ప్రాంతంలో ఇంకొకటుంది, నా మనసంతా దాని మీదే. కిడ్నీ జబ్బున్నవాళ్లు. సోంపేట, కవిటి, పలాస సెంటర్లకి డయాలసిస్ కోసం వారానికి రెండు మూడుసార్లు పోతారు. పోలింగు రోజే వాళ్ల వంతు పడితే ఆ ఓటు పోతుంది, తోడు వెళ్లిన మనిషి ఓటూ పోతుంది. వీళ్లకి ఇంటి దగ్గర ఓటు రాదు. తేదీ తెలియగానే ఎవరికి ఏ రోజు, ఏ పూటో రాసుకుని, సెంటర్‌లో అడిగి ఆ ఒక్క రోజుకి పూట మార్పించగలరేమో చూడండి. కుదరకపోతే వదిలెయ్యండి. డయాలసిస్ మానుకుని ఓటెయ్యమని ఎవరూ, ఎంత ఉత్సాహంలో ఉన్నా, అనకూడదు. ఇది నా మాటగా అందరికీ చెప్పు.

పోలింగు రోజు సంగతి కొంచెమే. కార్డు కనిపించకపోతే ఆధారో, ఉపాధి హామీ జాబ్ కార్డో, ఫొటో ఉన్న బ్యాంకు పాస్ పుస్తకమో చాలు, ఓటరు స్లిప్పు ఒక్కటే చాలదు. ఏ అభ్యర్థి పెట్టిన ఆటో కూడా ఎవరినీ ఎక్కమనొద్దు, అది చట్టప్రకారం తప్పు. బూతుకి వంద మీటర్ల లోపల మీరు ఉండొద్దు. తన ఓటు ఎవరో వేసేశారని ఎవరైనా ఏడుస్తూ బయటికొస్తే, మళ్లీ లోపలికి వెళ్లి టెండర్ ఓటు, అంటే అలాంటివాళ్లకి విడిగా ఇచ్చే కాగితం బ్యాలెట్, అడగమను. టైము అయిపోయేసరికి లైన్లో ఉన్న ప్రతి మనిషికీ ఓటు ఉంటుంది, వెనక నుంచి స్లిప్పులిస్తారు. సాయంత్రం లైను చూసి వెనక్కి మళ్లేవాళ్లకి ఆ ఒక్క మాట చెప్తే ఆగుతారు. ఎండలో మీరూ అన్నం తిని, మజ్జిగ తాగి తిరగండి.

వచ్చే ఆదివారం అమ్మని తీసుకుని ఇక్కడికి రా. మీ బూతు లిస్టు ప్రింటు తెచ్చుకో, ఎర్ర పెన్ను నా దగ్గరుంది. ముందు మన ఇంటి పేర్లే చూద్దాం. మీ అన్నయ్య బెంగళూరు వెళ్లి మూడేళ్లయింది. వాడి ఓటు ఎక్కడుందో, అసలు ఉందో లేదో, నిన్న అడిగితే వాడికే తెలీదన్నాడు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ