పాఠకుల ప్రశ్నలు: షార్ట్‌స్టాప్ ఇబాతా

ప్రశ్న: నేను వ్యాయామ ఉపాధ్యాయురాలిని. మా పాఠశాల సాఫ్ట్‌బాల్ జట్టులో షార్ట్‌స్టాప్‌గా (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య ఫీల్డింగ్ చేసే స్థానంలో) ఆడే అమ్మాయి, బంతిని దూరం కొట్టలేకపోతున్నానని, ఇక తనకు ఈ ఆటలో భవిష్యత్తు లేదని బాధపడుతోంది. 2023లో జపాన్ జాతీయ బేస్‌బాల్ జట్టుకు మేనేజర్ (ప్రధాన శిక్షకుడు) అయిన ఇబాతా కూడా బ్యాటింగ్ అంతగా రాని ఆటగాడేనని విన్నాను. ఆయన గురించి వివరించగలరా?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మీరు విన్నదానికి ముందుగా ఒక సవరణ అవసరం. ఇబాతా హిరొకజు బ్యాటింగ్ రాని ఆటగాడు కాదు. బంతిని ప్రేక్షకుల మధ్యకు బాదడం ఆయన పద్ధతి కాదు, అంతే. ఎక్కువగా రెండో స్థానంలో బ్యాటింగుకు వచ్చి, అప్పటికే బేస్ మీద ఉన్న సహచరుడు ఇంకో బేస్ ముందుకు జరిగేలా బంతిని మైదానం కుడివైపుకు పంపడంలో ఆయన దిట్ట. అలా ఆడుతూనే 1,912 హిట్లు (బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరడం) సాధించారు.

1975లో కవాసాకిలో పుట్టిన ఇబాతాను, ఆసియా విశ్వవిద్యాలయం జట్టులో ఆడుతుండగా, 1997 డ్రాఫ్టులో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో) నగోయాకు చెందిన చునిచి డ్రాగన్స్ అయిదో ఎంపికగా తీసుకుంది. ఆయన మీద మొదట్లో ఎవరూ గొప్ప ఆశలు పెట్టుకోలేదని దీన్నిబట్టే తెలుస్తుంది. 2004లో ఒచియాయి హిరొమిత్సు ఆ జట్టు మేనేజర్‌గా వచ్చి, ఒకినావా శిక్షణ శిబిరంలో తానే బ్యాటు పట్టుకుని ఇబాతాకూ, సెకండ్ బేస్ దగ్గర ఆడే అరాకి మసాహిరోకూ నేలబారు బంతులు కొట్టి సాధన చేయించారు. ఆ ఏడాది మొదలుకొని 2009 దాకా వరుసగా ఆరేళ్లు ఇద్దరికీ ఉత్తమ ఫీల్డర్లకిచ్చే గోల్డెన్ గ్లవ్ పురస్కారం దక్కింది.

వారిద్దరూ కలిసి చేసే ఒక అవుట్‌ను మాత్రం మీ విద్యార్థినికి తప్పక చెప్పండి. నేలబారు బంతి కొట్టిన బ్యాటర్ చేరేలోగా ఫీల్డర్లు బంతిని ఫస్ట్ బేస్‌కు చేరిస్తే అతను అవుట్. సెకండ్ బేస్ పక్కగా మధ్య మైదానంలోకి దూసుకుపోతున్న బంతిని అరాకి పరుగెత్తుకొచ్చి, గ్లవ్ తిప్పి అందుకుంటారు. ఆ ఊపులో ఆయన ఫస్ట్ బేస్‌కు దూరంగా వెళ్లిపోతుంటారు కనుక, నిలదొక్కుకుని వెనక్కి తిరిగి విసిరేలోగా బ్యాటర్ బేస్ చేరిపోతాడు. అందుకని బంతిని తాను విసరకుండా, ఎదురుగా వస్తున్న ఇబాతాకు అందిస్తారు. ముఖం, భుజం అప్పటికే ఫస్ట్ బేస్ వైపు ఉన్న ఇబాతా దాన్ని అందుకున్న మరుక్షణమే విసిరేస్తారు. ఆ బంతి అరాకిదని తెలిసి కూడా ఇబాతా అక్కడికి పరుగెత్తడంలోనే ఈ ఆట కీలకం ఉంది. స్కోరుబోర్డు మీద ఎక్కని ఆ నాలుగడుగుల పరుగే ఆయన ఆటలో నాకు అన్నిటికన్నా ఇష్టం.

2010లో ఒచియాయి వీరిద్దరి స్థానాలను తారుమారు చేయగా, ఇబాతా సెకండ్ బేస్‌కు మారారు. 2012లో మళ్లీ షార్ట్‌స్టాప్‌కు వచ్చి, 37 ఏళ్ల వయసులో ఏడో గోల్డెన్ గ్లవ్ అందుకున్నారు. మరుసటి ఏడాది మార్చిలో, టోక్యో డోమ్‌లో తైవాన్‌తో జరిగిన వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ (దేశాల జట్ల పోటీ) ఆటలో, జపాన్ 2-3తో వెనుకబడి, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటైన స్థితిలో, సహచరుడు తొరితాని సెకండ్ బేస్ దొంగిలించాక (బంతి కొట్టకముందే పరుగెత్తి చేరుకున్నాక), ఇబాతా బంతిని మధ్యకు కొట్టి స్కోరు సమం చేశారు. పదో ఇన్నింగ్స్‌లో జపాన్ గెలిచింది.

2014లో యొమియురి జెయింట్స్‌లో చేరి, మరో 88 హిట్లు కొడితే 2,000 పూర్తవుతాయనగా 2015లో ఆట మానేశారు. తన ఈడువాడే అయిన తకహాషి యొషినొబు ఆ జట్టు మేనేజర్ కాగా, ఆయన దగ్గర మూడేళ్లు ఇన్‌ఫీల్డ్ (బేస్‌ల దగ్గరి ఫీల్డర్ల) కోచ్‌గా పనిచేశారు. 2021లో టోక్యో ఒలింపిక్స్ స్వర్ణం గెలిచిన జపాన్ జట్టుకూ ఫీల్డింగ్, బేస్ రన్నింగ్ నేర్పింది ఆయనే. ఆ తర్వాత పన్నెండేళ్లలోపు పిల్లల జాతీయ జట్టు బాధ్యత తీసుకున్నారు. 2023 అక్టోబరులో పెద్దల జట్టుకు మేనేజరయ్యారు. నవంబరులో ఆసియా ప్రొఫెషనల్ చాంపియన్‌షిప్ గెలిపించారు, 2024లో ప్రీమియర్ 12 అనే అంతర్జాతీయ పోటీ ఫైనల్లో తైవాన్ చేతిలో 0-4తో ఓడారు.

ఇబాతా, అరాకి ఆడిన నగోయా డోమ్‌లో ఉన్నది కృత్రిమ పచ్చిక. మన బడి మైదానాల ఎర్రమట్టి మీద గులకరాయి తగిలితే బంతి ఎటు లేస్తుందో చెప్పలేము కనుక, పక్కన ఇంకొకరు ఉండవలసిన అవసరం ఇక్కడే ఎక్కువ. మీ అమ్మాయితోపాటు సెకండ్ బేస్ దగ్గర ఆడే అమ్మాయినీ నిలబెట్టి, ఇద్దరి మధ్యకు రోజూ ఓ ముప్పై బంతులు నేలబారుగా కొట్టండి. బంతి పట్టిన అమ్మాయిని కాదు, రెండో అమ్మాయి కాళ్లను గమనించండి.