ఇంట్లో బీపీ మిషన్ చూపించే అంకెలను నమ్మవచ్చా?

మోచేతికి పైన కట్టే మంచి మిషన్ అయితే నమ్మవచ్చు. దాని చుట్టూ చేరే మనుషులతోనే గొడవంతా. మా నాన్నగారి బీపీ చూసే డ్యూటీ చాలాకాలంగా నాదే కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను.

ఒక సాయంత్రం ఆయన చేతికి పట్టీ కట్టి బటన్ నొక్కాను. అది బిగుసుకుంటుండగానే బాబాయ్ లోపలికొచ్చి, "అన్నయ్యా, ఆ కాగితాల సంగతి ఏం చేశావ్?" అన్నాడు. "నీకెన్నిసార్లు చెప్పాల్రా!" అని నాన్న కుర్చీలోంచి లేచినంత పని చేశారు. మిషన్ 158/94 చూపించింది. అమ్మ వెంటనే నుదుటి మీద చెయ్యి వేసి చూసింది, బీపీకీ నుదుటికీ ఏం సంబంధమో! బాబాయ్ అయితే ఆసుపత్రికి పోదామని చెప్పులు కూడా వేసేసుకున్నాడు. అందర్నీ బయటికి పంపి తలుపు వేశాను. నాన్న వీపు కుర్చీకి ఆనించి, పాదాలు రెండూ నేలకు తగిలేలా, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండేలా కూర్చోబెట్టాను. కాసేపు ఆయన్ని మాట్లాడనివ్వకుండా ఉంచి మళ్లీ చూస్తే 134/82.

మాట్లాడినా, కాలు మీద కాలు వేసుకున్నా, మూత్రం ఆపుకుని కూర్చున్నా అంకె పెరుగుతుంది. కాఫీ, సిగరెట్, వ్యాయామం అయ్యాక అరగంట ఆగాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ కూడా ఉన్నట్టు చూపిస్తుంది. మణికట్టు మిషన్లు నాకసలు గిట్టవు. చెయ్యి గుండె కంటే కిందికి దిగితే చాలు, అంకె ఎక్కేస్తుంది.

ఆ మాటకొస్తే కొన్ని ఆసుపత్రుల్లో మాత్రం ఏం బాగా చూస్తున్నారు? మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చిన మనిషికి చొక్కా మీదే పట్టీ చుట్టేసి, వచ్చిన అంకె చీటీ మీద రాసేస్తారు. డాక్టర్ ముందు మాత్రమే బీపీ పెరిగేవాళ్లు కొందరైతే, అక్కడ నార్మల్‌గా ఉండి ఇంట్లో పెరిగేవాళ్లు ఇంకొందరు. నన్నడిగితే ఈ రెండో రకం వాళ్లకే ఇంట్లో మిషన్ తప్పనిసరి. ఇంకో సంగతి, బీపీ ఎక్కువ అనడానికి ఆసుపత్రిలో 140/90 గీత అయితే ఇంట్లో సగటుకు గీత 135/85.

డాక్టర్‌కి ఒక్క అంకె చెప్తే లాభం లేదు. పొద్దున మాత్ర వేసుకోకముందు, మళ్లీ సాయంత్రం, నిమిషం తేడాతో రెండేసి సార్లు చొప్పున వారం రోజులు రాయండి. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. రాసే పని మాత్రం పేషెంట్‌కి ఇవ్వకండి. మా నాన్న తక్కువ వచ్చినవే పుస్తకంలో ఎక్కించేవారు, మిషన్ మెమరీ చూశాక దొరికిపోయారు! పైగా అంకె బాగుంటే "ఇంక మాత్ర ఎందుకు?" అనేవారు. మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే అలా వచ్చిందని చెప్పలేక నా తల ప్రాణం తోకకొచ్చేది.

180/120 దాటితే మాత్రం ఒక నిమిషం ఆగి మళ్లీ చూడండి. అప్పటికీ తగ్గకపోతే వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పడం లాంటివి తోడైతే మాత్రం రెండోసారి చూస్తూ కూర్చోకండి, అంబులెన్స్‌ని పిలవండి.