కీళ్లవాతం తగ్గుముఖం పట్టింది, మందులు ఆపేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 43 ఏళ్లు. ఏడాదిన్నర కిందట రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేల్చారు. వారానికోసారి మెథోట్రెక్సేట్, దానితోపాటు ఫోలిక్ యాసిడ్ వాడుతున్నాను. వాపులు చాలావరకు తగ్గాయి. కానీ పొద్దున లేచాక గంటకు పైగా వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. మధ్యాహ్నానికి మామూలుగా తిరుగుతుంటే ఇంట్లోవాళ్లు నా నొప్పిని నమ్మడం లేదు. లివర్ పాడవుతుందని అందరూ భయపెడుతున్నారు. మందులు ఆపేయవచ్చా? చింతపండు, వంకాయ మానేయాలా? – ఒక సోదరి, నంద్యాల

జవాబు: అమ్మా, ముందుగా ఈ జవాబు మీ ఇంట్లోవాళ్ల చేత చదివించండి. కీళ్లు అరిగితే వచ్చే నొప్పి పని చేసేకొద్దీ పెరుగుతుంది. మీ జబ్బు తీరు వేరు. మన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల లోపలి పొర మీద దాడి చేయడంతో అది వాస్తుంది. రాత్రంతా కదలిక లేక బిగుసుకుపోయిన వేళ్లు, కదిలించేకొద్దీ సడలుతాయి. పొద్దున గ్లాసు పట్టుకోలేని మనిషి మధ్యాహ్నం వంట చేయడం ఈ జబ్బులో మామూలే. అందులో నటన ఏమీ లేదు.

ఇక మందుల సంగతి. ఏడాదిన్నర వైద్యం తర్వాత కూడా గంటకు పైగా బిగుతు ఉందంటే జబ్బు ఇంకా పూర్తిగా అదుపులోకి రాలేదనే అనుకోవాలి. కాబట్టి మందు ఆపే మాట పక్కనపెట్టి, వెంటనే మీ రుమటాలజిస్టును (కీళ్లవాతం డాక్టరును) కలవండి. కీళ్లు చూసి, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు చేయించి, అవసరమైతే మోతాదు పెంచుతారు, లేదా మరో మందు జోడిస్తారు. సొంతంగా ఆపేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. ఒకసారి వంకర తిరిగిన వేళ్లను ఏ మందూ వెనక్కి తేలేదు. చాలాకాలం పూర్తిగా అదుపులో ఉంటే అప్పుడు డాక్టరే మెల్లగా తగ్గించి చూస్తారు.

లివర్ గురించి మీ భయం అర్థం లేనిది కాదు. అందుకే దాదాపు మూడు నెలలకోసారి రక్తకణాలు, లివర్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) పరీక్షలు చేయిస్తాం. తేడా తొలి దశలోనే కనబడితే మోతాదు తగ్గించడంతో చాలామందిలో సర్దుకుంటుంది. పరీక్షలు ఎగ్గొట్టడమే అసలు ముప్పు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇంకొకటి ఉంది. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే. పొరపాటున రోజూ వేసుకుంటే నోట్లో పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఆదివారమో, గురువారమో, మీకు గుర్తుండే రోజు ఒకటి పెట్టుకుని క్యాలెండర్ మీద రాయండి. మీకు మాత్రలు అందించేవారికీ ఆ రోజు తెలియాలి. నోటిపూత, జ్వరం, తగ్గని పొడిదగ్గు, ఆయాసం వస్తే తర్వాతి మోతాదు వేసుకోకుండా డాక్టరును సంప్రదించండి. వేరే జబ్బుకు ఎవరి దగ్గరికి వెళ్లినా ఈ మందు వాడుతున్నానని చెప్పండి, కొన్ని యాంటీబయాటిక్స్ దీనితో పడవు. ఇది వాడినంతకాలం గర్భం రాకూడదు.

చింతపండు, వంకాయ మానాల్సిన పనిలేదు. పేరూ వివరాలూ లేని 'వాతం పొడులు' మాత్రం దగ్గరికి రానివ్వకండి. వాటిలో కొన్నిసార్లు స్టెరాయిడ్లు కలుపుతారు. నొప్పి మాత్రలు కూడా షాపులో కొనుక్కుని నెలల తరబడి వాడితే కిడ్నీలు, కడుపు దెబ్బతింటాయి.

పొద్దున లేవగానే చేతులను పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో ఉంచి, మెల్లగా గుప్పిట మూసి తెరవండి. పిండి రుబ్బడం, కూరగాయలు తరగడం లాంటివి వేళ్లు సడలే సాయంత్రానికి మార్చుకోండి. కుక్కర్‌ను ఒక్క చేత్తో పిడి పట్టి లేపకుండా రెండు చేతులతో ఎత్తండి. సంచిని వేళ్లకు కాకుండా ముంజేతికి తగిలించుకోండి. తడిబట్టలు పిండే పని ఇంట్లో మరొకరికి అప్పగించండి. ఒంట్లో ఓపిక లేదనిపించిన రోజున కాసేపు పడుకోండి, నీరసం కూడా ఈ జబ్బు లక్షణమే.

డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా, పొద్దున బిగుతు ఎన్ని నిమిషాలు ఉంటోందో రోజూ ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. మోతాదు తేల్చడానికి అది బాగా పనికొస్తుంది.