యాక్సిడెంట్ కేసుల ప్రాక్టీసుకు భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: ఐదేళ్ల లా కోర్సులో నాలుగో ఏడాది చదువుతున్నాను. రోడ్డు ప్రమాదాల పరిహారం, వైద్య నిర్లక్ష్యం కేసులంటే ఆసక్తి. ఇంట్లోవాళ్లేమో ‘అవి చిల్లర కేసులు, కార్పొరేట్ వైపు వెళ్లు’ అంటున్నారు. ఇంటర్‌లో సైన్స్ చదవలేదని నాకూ టెన్షన్‌గానే ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: చిల్లర కేసులన్న మాట పట్టించుకోకండి. కాకపోతే, వాగ్ధాటి ఉంటే చాలనుకునేవాళ్లకు ఈ ప్రాక్టీసు పడదు. పనంతా కాగితాల మీదే.

ప్రమాదంలో ఇద్దరికి ఎడమ చెయ్యి పోయిందనుకోండి. మెడికల్ బోర్డు ఇద్దరికీ ఒకే వైకల్య శాతం రాసిచ్చింది. వాళ్లలో ఒకరు లారీ డ్రైవర్, ఇంకొకరు ఆఫీసు గుమస్తా. గుమస్తా ఉద్యోగం నిలబడొచ్చు. డ్రైవర్ ఇక స్టీరింగ్ పట్టలేడు, అతని సంపాదన మొత్తం పోయినట్టే. అందుకే సర్టిఫికెట్‌లో ఉన్న శాతాన్నే ఆదాయ నష్టంగా లెక్కకట్టకూడదని సుప్రీంకోర్టు రాజ్‌కుమార్ కేసులో (2011) చెప్పింది. అయినా ఆ శాతాన్నే పిటిషన్‌లోకి ఎత్తి రాసేసి, డాక్టర్‌ను సాక్ష్యానికి పిలిపించని లాయర్లు ఇప్పటికీ ఉన్నారు. క్లయింటు నష్టపోయేది అక్కడే. సరళా వర్మ (2009), ప్రణయ్ సేథీ (2017) తీర్పులు కూడా చదవండి. ఏ వయసుకు ఏ గుణకం (ఏడాది ఆదాయాన్ని ఎంతతో హెచ్చించాలో చెప్పే అంకె), భవిష్యత్తు ఆదాయం కింద ఎంత కలపాలి అనేది వాటిలో దొరుకుతుంది. భయపడకండి, అవన్నీ పదో తరగతి లెక్కలే! మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో పరిహారం కోరే క్లెయిమ్ పిటిషన్ వేయడానికి ఆరు నెలల గడువు వచ్చింది. అది 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది.

వైద్య నిర్లక్ష్యం కేసుల్లో కొత్తవాళ్లు తడబడతారు. రోగికి నయం కానంత మాత్రాన నిర్లక్ష్యం జరిగినట్టు కాదు. డాక్టర్ మీద క్రిమినల్ కేసు నిలవాలంటే ఘోరమైన నిర్లక్ష్యం కనిపించాలని జాకబ్ మాథ్యూ తీర్పు (2005) అంటుంది. పరిహారం కోసమైతే వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లాలి. కోపంతో వచ్చిన కుటుంబానికి ఈ తేడా ఓపిగ్గా చెప్పడం మీ పనిలో సగం. సైన్స్ డిగ్రీ అక్కర్లేదు గానీ కేస్ షీట్ (ఆసుపత్రిలో రోగికి ఎప్పుడేం చేశారో రాసే రికార్డు) చదవడం రావాలి. నర్సు డాక్టర్‌కు ఎన్నింటికి కబురు పెట్టింది, ఆయన ఎన్నింటికి వచ్చాడు... ఇవి డిశ్చార్జి సమ్మరీలో ఉండవు. రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్యుల ప్రవర్తనా నియమావళి. కాబట్టి మీరు రాయించే మొదటి లేఖ ఆ రికార్డులు అడిగేదే.

ఇంటర్న్‌షిప్ ఒకటి బాధితుల తరఫు లాయర్ దగ్గర, ఇంకొకటి బీమా కంపెనీ ప్యానెల్ లాయర్ దగ్గర చేయండి. మొదటి కొన్నేళ్లు రాబడి తక్కువే. అది ఇంట్లో ముందే చెప్పండి. ఈ అనుభవంతో ప్రభుత్వ బీమా సంస్థల లీగల్ ఆఫీసర్ పోస్టులకు, పెద్ద ఆసుపత్రుల న్యాయ విభాగాలకు కూడా ప్రయత్నించవచ్చు.

ఆసుపత్రుల దగ్గర ఏజెంట్లను పెట్టి కేసులు పట్టే సీనియర్, పరిహారంలో వాటా మాట్లాడుకునే సీనియర్ తగిలితే ఆ ఆఫీసులో చేరకండి. రెండూ బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం.