గల్ఫ్ కూలీలాంటివాడు యూనియన్ నాయకుడు కాగలడా?

ప్రశ్న: మా రాజోలు వైపు నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు జీతం ఆపినా నోరెత్తరు. పరాయి దేశంలో కూలీగా ఉంటూ యూనియన్ నాయకుడైనవాళ్లు ఉన్నారా?

జవాబు: ఉన్నారు, లూయిస్ టికాస్. కాకపోతే సౌదీ, యూఏఈల్లో యూనియన్లకే అనుమతి లేదండీ, మనవాళ్లది పిరికితనం అనుకోకండి.

టికాస్ 1886లో గ్రీకులుండే క్రీట్ దీవిలో పుట్టి, 1906లో అమెరికా వెళ్లాడు. డెన్వర్‌లో కాఫీ హోటల్ నడిపి, తర్వాత కొలరాడో బొగ్గు గనిలో చేరాడు. తమాషా ఏంటంటే, ముందు సమ్మెలో ఉన్నవాళ్ల బదులు పనికి దిగిన బాపతే! 1912లో తోటి గ్రీకులను వెంటబెట్టుకుని అదే గనిలోంచి బయటికొచ్చేశాడు.

కొలరాడో గనుల ఊళ్లలో ఇల్లూ, కొట్టూ కంపెనీవే. 1913 సెప్టెంబరులో సమ్మె మొదలవగానే కుటుంబాలను ఇళ్లలోంచి గెంటేశారు. గని కార్మికుల యూనియన్ లడ్లో అనే చోట వాళ్లకు గుడారాలు వేయించింది. అక్కడి గ్రీకుల తరఫున మాట్లాడిందీ, గొడవలు సర్దిందీ టికాసే. 1914 ఏప్రిల్ 20న మిలీషియా (రాష్ట్ర ప్రభుత్వ సాయుధ దళం) కాల్పులు జరిపింది, గుడారాలు తగలబడ్డాయి. ఒక గుడారం కింద తవ్వుకున్న గోతిలో దాక్కున్న 11 మంది పిల్లలు, ఇద్దరు ఆడవాళ్లు ఊపిరాడక చనిపోయారు. పట్టుబడ్డ టికాస్‌ను ఒక అధికారి తుపాకీ విరిగేలా తలమీద కొట్టాడు. తర్వాత వీపులో కాల్చి చంపారు.

ఆ డిసెంబరులో, యూనియన్‌కు గుర్తింపు దక్కకుండానే సమ్మె ముగిసింది.